‘ఇక్కడ’ అంటే ఎవరి ఇక్కడ? ఎస్‌ఎస్‌హెచ్ సొరంగాల గురించి కొన్ని మాటలు

(ఒక ఇంజనీరింగ్ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినబడుతోందా? మైకు వద్దులెండి, ఈ ఏసీ మోత కంటే నా గొంతే పెద్దది.

నన్ను పిలిచినప్పుడు సైబర్ సెక్యూరిటీ మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద పేరున్న విషయం నా వల్ల కాదని చెప్పాను. నేను సర్వర్లు చూసుకునేవాణ్ని. పొద్దున లేస్తే నల్ల తెర, తెల్ల అక్షరాలు. రోజుకు ఎన్నిసార్లు కొడతానో లెక్కలేని ఒక కమాండు ఉంది, దాని గురించి చెబుతాను. ఎస్‌ఎస్‌హెచ్. మీలో చాలామందికి అది దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అవడానికే తెలుసు. నాకు దాని రెండో పని మీద మోజు ఎక్కువ. దారి లేని చోటికి దారి వేయడం.

దానికి ముందు ఒక ఫోన్ కాల్. మీరు బస్టాండులో ఫ్రెండు కోసం ఎదురుచూస్తున్నారు. ఫోన్ చేసి "ఎక్కడున్నావురా?" అంటారు. "ఇక్కడే ఉన్నా మామా, వచ్చేస్తున్నా." ఎక్కడ ఇక్కడ? వాడింకా స్నానం కూడా చేసి ఉండడు. (నవ్వులు) కానీ చూడండి, వాడు అబద్ధం ఆడలేదు. వాడికది ఇక్కడే. ‘ఇక్కడ’ అనే మాటకి అర్థం ఆ మాట అన్నవాడు నిలబడ్డ చోటుని బట్టి మారుతుంది. కంప్యూటర్లలో ఆ మాట పేరు లోకల్‌హోస్ట్. అంకెల్లో 127.0.0.1. నేనివాళ చెప్పబోయేదంతా దాదాపు ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. సొరంగం వేసేటప్పుడు మనుషులు చేసే పొరపాట్లలో సగానికి పైగా, నేను చేసినవి కూడా, ఈ ‘ఇక్కడ’ ఎవరిదో సరిగా చూసుకోక చేసినవే.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పూర్వం దూరపు మెషీన్‌లోకి టెల్‌నెట్‌తో వెళ్లేవాళ్లు. పాస్‌వర్డ్ కూడా పోస్టుకార్డు మీద రాసినట్టు, దారిలో ఎవరైనా చదువుకునేలా వెళ్లేది. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో కూర్చుని అలా పాస్‌వర్డులు ఏరుకున్నారు. అక్కడ పనిచేసే తాతు యులోనెన్ అనే ఆయన ఒళ్లు మండి, దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అదే ఏడాది జులైలో అందరికీ ఇచ్చేశాడు. పోర్టు నంబరు కావాలి కదా. పోర్టు అంటే మెషీన్‌లో ఒక్కో ప్రోగ్రాము వినే తలుపు, దానికో నంబరు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా కనిపించింది. నంబర్లు ఇచ్చే వాళ్లకి మెయిల్ రాస్తే ఇచ్చేశారు. మన దగ్గర ఒక కరెంటు మీటరు కావాలన్నా... సరే, వదిలేయండి. ఈ రోజు మనమంతా వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 1999లో తయారుచేసింది. విండోస్ వాళ్లు కంగారు పడకండి, 2018 నుంచి విండోస్ 10లో కూడా క్లయింటు, అంటే మన వైపు నడిచే ప్రోగ్రాము, దానంతటదే వస్తోంది.

ఇప్పుడు పని చూద్దాం. మీ ల్యాబ్‌లో జీపీయూ ఉన్న సర్వర్ ఒకటుందని విన్నాను. దానిలో జూపిటర్ నోట్‌బుక్, అంటే బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే ప్రోగ్రాము, నడుపుతారు. అది 8888 పోర్టు మీద, ఆ సర్వర్ లోకల్‌హోస్ట్ మీదే వింటుంది. అంటే తన ‘ఇక్కడ’ నుంచి వచ్చిన వాళ్లతోనే మాట్లాడుతుంది, బయటి వాళ్లకి తలుపు తీయదు. మీరు హాస్టల్ గదిలో ఉన్నారు. ఏం చేస్తారు? బోర్డు మీద రాస్తున్నాను, చూడండి.

ఎస్‌ఎస్‌హెచ్ -ఎల్ 8888:లోకల్‌హోస్ట్:8888 మీపేరు@ల్యాబ్‌సర్వర్

ఎల్ పెద్దక్షరం. మొదటి 8888 మీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకునే తలుపు. మధ్యలో ఉన్న లోకల్‌హోస్ట్ ఎవరిది? (ఎవరో: "మన ల్యాప్‌టాప్‌ది సార్.") అదిగో! నాకు తెలుసు ఎవరో ఒకరు అంటారని. కాదమ్మా. అది అవతలి వాడి నోట్లోంచి వచ్చే మాట. మీ ఎస్‌ఎస్‌హెచ్ అవతల ఉన్న సర్వర్‌కి, "బాబూ, నా దగ్గరికి ఒకరు వచ్చారు, నువ్వు లోకల్‌హోస్ట్ 8888కి తీసుకెళ్లు" అని చెబుతుంది. సర్వర్ తన లోకల్‌హోస్ట్‌కే తీసుకెళుతుంది. జూపిటర్ చూసి ఎవరో మనింటి మనిషే అనుకుని తలుపు తీస్తుంది. మీ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8888 కొడితే నోట్‌బుక్ వచ్చేస్తుంది.

లోపల జరిగేది కూడా ముచ్చటైనదే. కొత్త కనెక్షన్ ఏదీ బయటికి పోదు. ముందే ఉన్న ఒకే ఒక్క గుప్త కనెక్షన్‌లో ఛానెల్ అనే పాయ ఒకటి కొత్తగా తెరుచుకుంటుంది. మీరు టైప్ చేసేది ఒక పాయ, నోట్‌బుక్ ఇంకో పాయ. ఒకే కాలువలో నాలుగు పాయలు నడిచినట్టు. అందుకే మొబైల్ నెట్‌లో ఒక ప్యాకెట్ దారిలో తప్పిపోతే అన్ని పాయలూ కలిసి ఆగుతాయి. నెమ్మదిగా ఉందేంటి అని తిట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న సంగతి. మధ్యలో లోకల్‌హోస్ట్‌కి బదులు వేరే మెషీన్ పేరు కూడా రాయచ్చు. ల్యాబ్ సర్వర్ పక్కన ఉన్న డేటాబేస్ సర్వర్ అనుకోండి. అప్పుడు మీ దగ్గర నుంచి ల్యాబ్ సర్వర్ దాకానే గుప్తంగా వెళుతుంది. అక్కడి నుంచి డేటాబేస్ దాకా ఉన్న ఆఖరి నడక బట్టబయలుగానే. సొరంగం ఊరి పొలిమేర దాకే, ఆ తర్వాత ఎండలో నడకే. చాలామంది మొత్తం దారికి కప్పు ఉందనుకుంటారు.

ఇప్పుడు మా ఇంటి కథ. మా అక్కావాళ్లు మిర్యాలగూడలో ఉంటారు. మిర్యాలగూడ అంటే రైసు మిల్లులని మీకు వేరే చెప్పక్కర్లేదు. మా బావ ఒక మిల్లులో లెక్కలు చూస్తాడు. గేటు పక్కనే లారీ కాటా. వడ్ల లారీ కాటా ఎక్కుతుంది, లోడు బరువు. సరుకు దింపి మళ్లీ ఎక్కుతుంది, ఖాళీ బండి బరువు. తేడా ఎంతుంటే అది తూకం. ఇదంతా కాటా గదిలో ఉన్న పాత కంప్యూటర్లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో పడుతుంది. యాసంగి కోతలప్పుడు రాత్రీ పగలూ లారీలే. ఆ సమయంలోనే ఫోన్ వస్తుంది. "ఏం బామ్మర్దీ, చీటీలేమో నూట పద్దెనిమిది ఉన్నయి, కంప్యూటరేమో నూట పదహారు అంటది. ఒక్కసారి చూడరాదు?" నేను హైదరాబాదులో. మొదట్లో బస్సెక్కి వెళ్లేవాణ్ని. అక్క చేతి పచ్చిపులుసు దొరికేది కాబట్టి పెద్దగా బాధ ఉండేది కాదు, కానీ ఎన్నిసార్లని వెళ్తాం?

అక్కడ నెట్ ఏమిటంటే సిమ్ వేసిన రౌటర్. దానికి బయటి ప్రపంచానికి తెలిసిన అడ్రసు లేదు. 100.64తో మొదలయ్యే అడ్రసు ఒకటి ఇచ్చారు. అడ్రసులు చాలక, ఒక్క అడ్రసు వెనక వందల కనెక్షన్లు దాచుకోవడానికి 2012లో కేటాయించిన వరస అది. అపార్టుమెంటు లాంటిదన్నమాట. లోపలి వాళ్లు బయటికి పోవచ్చు. బయటి నుంచి వచ్చి ‘ఫలానా ఆయన ఇల్లు’ అంటే వాచ్‌మెన్‌కి తెలియదు, పంపడు. అందువల్ల నేను హైదరాబాదు నుంచి ఎంత తలుపు కొట్టినా లాభం లేదు. లోపలి వాడే బయటికొచ్చి చేయి చాపాలి.

మిల్లు యజమానిని అడిగి, ఆయన సరేనన్నాక, కాటా గదిలో రాస్‌బెర్రీ పై బోర్డు ఒకటి పెట్టాను. అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్ అది, నేను ‘పై’ బోర్డు అంటాను. బయట ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకున్నాను. దానికి అందరికీ తెలిసిన అడ్రసు ఉంది. పై బోర్డు లేవగానే ఈ కమాండు నడుస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ -ఎన్ -ఆర్ 2222:లోకల్‌హోస్ట్:22 సొరంగం@అద్దెసర్వర్

ఆర్ అంటే తిరగేసిన సొరంగం. ఇక్కడ తలుపు తెరుచుకునేది అవతల, అద్దె సర్వర్‌లో. ఎల్‌లో గమ్యం పేరు అవతలి వాడి నోట్లోంచి వస్తే, ఆర్‌లో గమ్యం పేరు ఇవతలి వాడి నోట్లోంచి వస్తుంది. కాబట్టి ఈ లోకల్‌హోస్ట్ పై బోర్డుదే. ఎన్ అంటే, అవతల ఏ కమాండూ నడపకు, దారి వేసి కూర్చో అని.

సరే, పై బోర్డు చేయి చాపింది. ఇక నా ల్యాప్‌టాప్ నుంచి కాటా కంప్యూటర్ దాకా వెళ్లాలి. నాకు బాగా ఇష్టమైన వరస ఇదే, మొత్తం పెద్దగా రాస్తాను.

ఎస్‌ఎస్‌హెచ్ -జె నేను@అద్దెసర్వర్ -పి 2222 -ఎల్ 3307:192.168.1.20:3306 పై@లోకల్‌హోస్ట్

జె, ఎల్ పెద్దవి, పి చిన్నది. జె అంటే మధ్యలో ఒక మెషీన్ మీద కాలు పెట్టి అవతలికి దూకడం. 2016 నుంచి ఉంది. అంతకుముందు ఇదే పనికి చాంతాడంత కమాండు కొట్టేవాళ్లం. ఇప్పుడు చెప్పండి, ఈ ఒక్క వరసలో ఎన్ని ‘ఇక్కడ’లు ఉన్నాయి?

చివర ఉన్న లోకల్‌హోస్ట్ నాది కాదు, అద్దె సర్వర్‌ది. ఎందుకంటే దూకేటప్పుడు ఆ మాట అనేది వాడు. వాడి ఇంట్లో 2222 తలుపు తీస్తే పై బోర్డు ఉంటుంది. మధ్యలో 192.168.1.20 ఉందే, అది పై బోర్డు కళ్లతో చూసిన అడ్రసు, అంటే కాటా గదిలో పక్కనే ఉన్న కంప్యూటర్. 3306 దానిలో మైఎస్‌క్యూఎల్ వినే తలుపు. మీ ఇంట్లో కూడా 192.168.1.20 ఉండచ్చు, మీ టీవీయే కావచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక 3307 ఒక్కటే నాది, నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకునేది. ఒకే వరస, ముగ్గురు మనుషులు, మూడు ‘ఇక్కడ’లు. కాటా కంప్యూటర్ని అడిగితే, "పక్కనున్న బోర్డు వచ్చి అడిగింది, ఇచ్చాను" అంటుంది. హైదరాబాదు నుంచి నేనొచ్చానని దానికి తెలియదు. డేటాబేస్ లాగ్‌లో కూడా బోర్డు అడ్రసే ఉంటుంది. ఇందులో సౌకర్యమూ ఉంది, భయమూ ఉంది. భయం సంగతి తర్వాత చెబుతాను.

ఇది పెట్టుకున్న మొదటి వారంలోనే నా పరువు పోయింది. రాత్రి 11 గంటలు. బావ ఫోన్ చేశాడు, సొరంగం వేశాను. నా లినక్స్ ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింటు తీసి, హోస్టు లోకల్‌హోస్ట్, పోర్టు 3307 అని ఇచ్చాను. లోపలికి వెళ్లాను. డేటాబేసుల జాబితా చూస్తే కాటాది లేదు. ఒక్క టేబుల్ కూడా లేదు. నా చేతులు చల్లబడ్డాయి. బావకి ఫోన్ చేసి, "బావా, కాటా ఆపించు, డేటా మొత్తం పోయింది" అన్నాను. గేటు బయట పదకొండు లారీలు వరసకట్టాయి. డ్రైవర్లు హారన్లు. హమాలీలు బీడీలు ముట్టించారు. ఇరవై నిమిషాల తర్వాత గానీ నాకు వెలగలేదు. మైఎస్‌క్యూఎల్ క్లయింటుకి లోకల్‌హోస్ట్ అనే పేరు ఇస్తే, అది పోర్టు మాటే పట్టించుకోదు. అదే మెషీన్‌లో ఉండే సాకెట్ ఫైలు ద్వారా నేరుగా సొంత డేటాబేసులోకి వెళ్లిపోతుంది. నేను చూస్తున్నది నా ల్యాప్‌టాప్‌లో ప్రాక్టీసు కోసం పెట్టుకున్న డేటాబేస్! 3307 తలుపు తెరుచుకునే ఉంది, దాని దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. లోకల్‌హోస్ట్ అని కాకుండా 127.0.0.1 అని అంకెలు రాస్తే సరిపోయేది. బావ ఇప్పటికీ పెళ్లిళ్లలో దొరికిన వాళ్లందరికీ ఈ కథ చెబుతుంటాడు, లారీల సంఖ్య ఏటా పెరుగుతోంది. (నవ్వులు)

తర్వాతి గొడవ కరెంటుతో వచ్చింది. కరెంటు పోయి వచ్చింది. బోర్డు లేచింది. ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తోంది, ప్రాసెస్ కనిపిస్తోందని బావ చేత చూపించుకున్నాను. కానీ 2222 పలకదు. అసలు సంగతేమిటంటే, బోర్డు ఉన్నపళాన ఆరిపోయినప్పుడు అద్దె సర్వర్‌కి ఆ కబురు అందలేదు. పాత కనెక్షన్ ఇంకా ఉందనుకుని 2222ని అట్టేపెట్టుకుని కూర్చుంది. కొత్తగా వచ్చిన బోర్డు తలుపు అడిగితే, ఖాళీ లేదు పొమ్మంది. ఎస్‌ఎస్‌హెచ్ ఒక హెచ్చరిక గొణిగి, తలుపు లేకుండానే లోపల కూర్చుండిపోయింది. మనిషున్నాడు, పని లేదు. మన కొన్ని ఆఫీసుల్లో లాగా.

దీనికి మందు రెండు వైపులా వేయాలి. సర్వర్ వైపు క్లయింట్‌అలైవ్‌ఇంటర్వెల్ 30, క్లయింట్‌అలైవ్‌కౌంట్‌మ్యాక్స్ 3 పెట్టాను. ముప్పై సెకన్లకోసారి ‘ఉన్నావా’ అని అడుగుతుంది. మూడుసార్లు అడిగినా పలక్కపోతే, అంటే సుమారు 90 సెకన్లకి, పాత కనెక్షన్‌ని తెంచేసి తలుపు వదిలేస్తుంది. బోర్డు వైపు సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ అలాగే పెట్టి, దానితోపాటు ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్‌కి ‘యెస్’ అని పెట్టాను. తలుపు దొరక్కపోతే ఊరికే కూర్చోక చచ్చిపొమ్మని దాని అర్థం. చచ్చిపోతే, లినక్స్‌లో ప్రోగ్రాముల్ని చూసుకునే సిస్టమ్‌డీ పది సెకన్లాగి మళ్లీ లేపుతుంది. కొందరు ఇదే పనికి ఆటోఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము వాడతారు, అదీ మంచిదే. ఈ రెండు మందులూ పడ్డాక కరెంటు ఎన్నిసార్లు పోయినా రెండు నిమిషాల్లో దారి దానంతటదే తెరుచుకుంటోంది.

భయం సంగతి చెబుతానన్నాను. ఆర్ సొరంగం తలుపు మామూలుగా అద్దె సర్వర్ లోకల్‌హోస్ట్ మీదే తెరుచుకుంటుంది. సర్వర్ లోపలికి వచ్చిన వాడే దాన్ని తట్టగలడు. ఇంటర్నెట్‌లో వెతికితే, సర్వర్ సెట్టింగుల్లో గేట్‌వేపోర్ట్స్‌కి ‘యెస్’ పెట్టు, ఎక్కడి నుంచైనా నేరుగా రావచ్చు అని ఎవరో ఒకరు చెబుతారు. ఒక రాత్రి బద్ధకంతో నేనూ పెట్టాను. పొద్దున లాగ్ తీస్తే రూట్, అడ్మిన్, టెస్ట్, పై, ఇలా రకరకాల పేర్లతో పేజీల కొద్దీ తట్టి వెళ్లారు. పాస్‌వర్డు దారి ముందే మూసేసి, దాని బదులు వాడే కీ అనే ఫైలుతో మాత్రమే రానిచ్చాను కాబట్టి ఎవరూ లోపలికి రాలేదు. ఆలోచించండి, ఆ తలుపు అవతల ఉన్నది నా సొమ్ము కాదు, ఒక మిల్లు లెక్కలు.

ఇంకొకటి. ఆ బోర్డు కాటా గదిలో మేకుకి వేలాడుతుంటుంది. ఎవడైనా జేబులో వేసుకుని పోతే? దానిలో నా సర్వర్ కీ ఉంది. అందుకని సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైలులో, ఆ కీ ముందు మూడు మాటలు రాశాను. రిస్ట్రిక్ట్, పోర్ట్‌ఫార్వర్డింగ్, పర్మిట్‌లిజన్ 2222. అన్నీ మూసెయ్, సొరంగం ఒక్కటి తెరువు, ఆర్ సొరంగానికైతే 2222 తలుపు ఒక్కటే. ఆ సొరంగం యూజర్‌కి షెల్, అంటే కమాండ్లు కొట్టే తెర, కూడా ఇవ్వలేదు, నోలాగిన్ పెట్టాను. ఎన్ పెట్టి వచ్చేవాడికి షెల్‌తో పనేముంది? రెండు నిమిషాల పని ఇది, నేను చూసిన చోట్ల పదికి తొమ్మిది మంది చేయరు.

(ఒక విద్యార్థి: "సార్, కాలేజీ వైఫైలో కొన్ని సైట్లు రావు. దీంతో వస్తాయా?")

మీ హెచ్‌ఓడీ గారు ముందు వరసలో కూర్చుని ఉండగా అడుగుతున్నావు తమ్ముడూ, నీ ధైర్యానికి మెచ్చుకోవాలి. (నవ్వులు) అబద్ధం చెప్పను, అలాంటి పనికి డి అనే అక్షరం ఉంది. డి 1080 అంటే నీ ల్యాప్‌టాప్‌లో సాక్స్ ప్రాక్సీ అనే మధ్యవర్తి తెరుచుకుంటుంది. గమ్యం ఒక్కటే అని ముందుగా చెప్పక్కర్లేదు, బ్రౌజర్ ఎక్కడికంటే అక్కడికి సర్వర్ తీసుకెళుతుంది. ఒక తిరకాసు ఉంది. సైటు పేరుని అడ్రసుగా మార్చే పని బ్రౌజర్ ఇక్కడే చేసేస్తే, ఏ సైటుకి వెళ్తున్నావో కాలేజీకి తెలిసిపోతుంది. మళ్లీ అదే ప్రశ్న, ఆ పని ఎవరి ‘ఇక్కడ’ జరగాలి? ఇంకో మాట, నెట్‌లో డేటా పంపే పద్ధతులు టీసీపీ, యూడీపీ అని ఉంటాయి, ఇందులో టీసీపీ మాత్రమే పోతుంది. యూడీపీతో నడిచే ఆటలూ వీడియో కాల్సూ దీంట్లో కుక్కాలని చూడకు. మొత్తం నెట్‌వర్కే కావాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోవాలి.

అది ఎలా పనిచేస్తుందో చెప్పాను. చేయమని చెప్పలేదు. ఎందుకంటే నేను చేసి ఇరుక్కున్నాను. నా మొదటి ఉద్యోగంలో, కంపెనీ పేరు వద్దు, రాత్రిళ్లు ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీసు డెస్క్‌టాప్ నుంచి మా ఇంటి సర్వర్‌కి ఆర్ సొరంగం పెట్టాను. ఎవరినీ అడగలేదు. మంచి పనికే కదా అనుకున్నాను. పగలూ రాత్రీ తెగని ఒక కనెక్షన్‌ని నెట్‌వర్క్ టీమ్ వాళ్లు నెల రోజులకి పట్టుకున్నారు. లోపల ఏం పోతోందో వాళ్లకి కనబడదు, పోతోందని మాత్రమే తెలుస్తుంది, దానితోనే వాళ్లకి గుండె ఆగినంత పనైంది. పిలిచి అరవలేదు. ఆ పెద్దాయన ఒక్క మాట అడిగాడు. "మీ ఇంటి సర్వర్ తాళం ఎవడైనా పగలగొడితే, మా ఆఫీసులోకి వచ్చేది ఎవరు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలు నా యాక్సెస్ తీసేశారు. నేను సొరంగం అనుకున్నది ఆయన కళ్లకి దొడ్డిదారి. ఇద్దరం ఒకే దాన్ని చూస్తున్నాం, నిలబడ్డ చోట్లు వేరు.

సర్వర్‌లో సొరంగాల్ని ఆపే సెట్టింగు, అలౌటీసీపీఫార్వర్డింగ్‌కి ‘నో’ పెడితే ఆగదా అని అడగచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, షెల్ ఇచ్చిన మనిషికి ఇది అడ్డం కాదు, తన ఫార్వర్డర్, అంటే సొరంగం వేసే ప్రోగ్రాము, తానే తెచ్చుకోగలడని. అందుకే మిల్లు దగ్గర ముందు యజమానిని అడిగింది.

ఇంకెవరైనా? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: "సార్, ఆ అద్దె సర్వరే పడిపోతే?")

అప్పుడు మిర్యాలగూడ బస్సే అమ్మా. మొన్న వానాకాలం వడ్లప్పుడు రెండుసార్లు ఎక్కాను. ఒకసారి సర్వర్ అద్దె కట్టడం మర్చిపోయి. రెండోసారి సర్వర్ బాగానే ఉంది, పచ్చిపులుసు కోసం.